మొరిగే కుక్క మెడకు షాక్ కాలరా?

జీడితోట కాపలా కుక్క రాత్రంతా మొరుగుతోందనీ, ఇరుగుపొరుగు గొడవ పెడుతున్నారనీ, షాక్ కాలర్ కట్టొచ్చా అనీ పలాస దగ్గరి పాఠకుడు ఒకరు అడిగారు.

వద్దు.

ఆ కాలర్‌కు ఉండే రెండు లోహపు మొనలు మెడ చర్మానికి ఆని ఉంటాయి. కుక్క మొరగగానే షాక్ కొడుతుంది. గంటల తరబడి తియ్యకపోతే అక్కడ పుండు పడుతుంది. ఉద్దానం ఉక్కపోతలో అది త్వరగా మానదు. కుక్కకు నొప్పి తెలుస్తుంది గానీ కారణం తెలియదు. ఆ క్షణంలో ఎదురుగా పిల్లాడుంటే నొప్పిని వాడికే ముడిపెట్టుకోవచ్చు. భయపడ్డ కుక్క కరవడానికీ వెనకాడదు.

పైగా ఇది ఎలుగుబంట్లు తిరిగే చోటు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడికి ఒకరు బలయ్యారు, మరికొందరు గాయపడ్డారు. తెల్లవారకముందే తోటలోకి అడుగుపెట్టే మనిషికి కుక్క అరుపే హెచ్చరిక. దాని నోరు నొక్కేసి కాపలా ఎలా కాయిస్తారు?

బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం 63 కుక్కలపై చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. తాయిలంతో నేర్పినదానికంటే షాక్‌తో అదనంగా ఒరిగిందేమీ లేదని తేలింది. వేల్స్ 2010లోనే ఈ కాలర్లను నిషేధించింది. మన 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం అనవసరంగా బాధపెట్టడం నేరం. పొట్టి గొలుసుతో గంటల కొద్దీ కట్టేయడమూ నేరమే.

చాలా కుక్కల మొరుగుడుకు మూలం ఆ గొలుసే. సాయంత్రం తోట చుట్టూ తిప్పాలి. మొరిగినప్పుడు వెళ్లి చూసి, "చాలు" అని, అది ఆగిన వెంటనే ఉడికిన గుడ్డు ముక్క పెట్టాలి. ఉన్నట్టుండి మొరుగుడు పెరిగితే పశువైద్యుడికి చూపించాలి.