లెక్క తేలాలంటే గడప తొక్కాలి

“అమ్మా, పోయిన ఏడు దినాలల్ల ఏమన్న పని చేసినవా?”

“ఎక్కడి పని బిడ్డా, ఇంటికాడనే ఉన్న.”

మా సర్వే అమ్మాయి ట్యాబ్‌లో ‘పని లేదు’ అన్న గడి నొక్కేసింది. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. జవాబు చెప్పిన ఆవిడ చేతులకు మోచేతుల దాకా పేడ. వెనక కొట్టంలో రెండు బర్రెలు. గోడకు ఆనించిన పాల క్యాను మూత మీద పాలకేంద్రం వాళ్లు రంగుతో వేసిన నంబరు.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. మా అమ్మాయి తప్పు గడి నొక్కలేదు. లోపం ప్రశ్నలోనే ఉంది. ఆ ఊళ్లో పని అంటే కూలి పని. సొంత బర్రెలకు గడ్డి కోయడం, పాలు పిండి కేంద్రంలో పోసి రావడం ‘ఇంటికాడ ఉండటం’ కిందికే వస్తాయి. మన దేశంలో ఉపాధి సర్వేల నిర్వచనం వేరు. అమ్మడానికి పాలు పిండితే అది ముమ్మాటికీ పనే. మర్నాడు ప్రశ్న మార్చాం. “పొద్దుగాల లేచినప్పటి సంది ఏమేం చేసినవు? ఒక్కొక్కటే చెప్పు.” ఈసారి రాసుకోవడానికి గడులు చాల్లేదు.

ఎకనామిక్స్ చదివితే బ్యాంకు పరీక్షలు, కాదంటే జూనియర్ కాలేజీలో లెక్చరర్ పోస్టు. మన ఇళ్లలో ఇప్పటికీ ఇదే లెక్క. పేదరికం, బడి చదువులు, ఉపాధి, ఆరోగ్యం లాంటి పెద్ద సమస్యల మీద ఏ మందు పనిచేస్తుందో, ఏది చేయదో పరిశోధించి చెప్పే వృత్తి ఒకటుందని చాలామందికి తెలియదు. ఆ వృత్తికి బాటలు వేసిన ప్రయోగాల్లో కొన్ని మన జిల్లాల్లోనే, మన మండలాల్లోనే జరిగాయని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

ఆ పథకం రాకపోయి ఉంటే?

ఈ రంగమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఒక పథకం వచ్చింది, జనం ఆదాయం పెరిగింది. మంచిదే. పథకం రాకపోయినా పెరిగేదేమో? వానలు బాగా పడ్డాయేమో, పక్క పట్నంలో మేస్త్రీ పనులు ఊపందుకున్నాయేమో. జరిగింది కళ్లకు కనబడుతుంది. జరగకపోయి ఉంటే ఏమయ్యేదో కనబడదు. కనబడని ఆ రెండోదాన్ని లెక్కగట్టడమే ఇక్కడి పనితనం. దానికి అందరికీ తెలిసిన పద్ధతి లాటరీ. కొన్ని ఊళ్లను చీటీ తీసి ఎంచుకుని అక్కడ ముందుగా పథకం పెడతారు, మిగతా ఊళ్లలో తర్వాత పెడతారు. చీటీ ఎవరి పక్షమూ వహించదు కనుక రెండు రకాల ఊళ్ల మధ్య తేడాను పథకానికే జమ కట్టవచ్చు. ఈ దారిలో పేదరికం మీద పనిచేసినందుకే 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ క్రెమర్‌లకు నోబెల్ వచ్చింది.

రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో వాళ్ల బృందం చేసిన ప్రయోగం చెబితే విషయం సులువుగా అర్థమవుతుంది. పూర్తి టీకాలు పడిన పిల్లలు మామూలు ఊళ్లలో 6 శాతమే. నెలనెలా తప్పకుండా టీకా శిబిరం పెట్టిన ఊళ్లలో అది 18 శాతం అయింది. శిబిరంతో పాటు టీకాకు వచ్చిన తల్లికి కిలో పప్పు, అన్ని టీకాలూ పూర్తయ్యాక భోజనం పళ్లేలు ఇచ్చిన ఊళ్లలో 39 శాతానికి చేరింది. తల్లులకు టీకా మీద వ్యతిరేకత ఉందని అప్పటిదాకా ఊహించుకున్న పెద్దలు చాలామందే ఉన్నారు. తీరా చూస్తే తల్లులు ‘రేపు వేయిద్దాంలే’ అని వాయిదా వేస్తున్నారు, అంతే. కిలో పప్పు ఆ రేపటిని ఇవాళ్టికి లాక్కొచ్చింది.

స్మార్ట్‌కార్డు కథ

ఇక మన దగ్గరికి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్రతో చెల్లించడానికి ప్రభుత్వం స్మార్ట్‌కార్డులు తెచ్చింది. అంతకుముందు కూలి డబ్బు చాలా చోట్ల పోస్టాఫీసు ద్వారా వచ్చేది. అక్కడిదాకా వెళ్లాలి, పడిగాపులు కాయాలి, ‘రేపు రా’ అనిపించుకోవాలి. కొత్త పద్ధతిలో ఊళ్లోనే ఉండే ఒకరు, చాలాచోట్ల పొదుపు సంఘంలోని మహిళే, చిన్న మిషన్ పట్టుకుని వేలిముద్ర చూసి డబ్బు ఇచ్చేది.

కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రభుత్వాన్ని ఒప్పించి 8 జిల్లాల్లో ఈ కార్డుల అమలు వరసకు లాటరీ తీయించారు. ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం ఆ జిల్లాలు. ముందు కార్డులు వచ్చిన 112 మండలాలను, చివరికి వచ్చిన 45 మండలాలతో పోల్చారు. మొత్తం 157 మండలాలు, దాదాపు 1 కోటి 90 లక్షల జనాభా. ఇంత పెద్ద ఎత్తున లాటరీ వేసిన అధ్యయనాలు ప్రపంచంలోనే అరుదు.

కూలీకి చేరకుండా దారిలోనే కారిపోతున్న డబ్బును ఎలా పట్టుకున్నారో చూడండి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. ప్రభుత్వ రికార్డులో ఫలానా జాబ్‌కార్డు మీద ఫలానా వారం ఇన్ని రోజులు, ఇంత కూలి అని రాసి ఉంటుంది. సర్వే మనిషి ఆ పేరు పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, “ఆ వారం ఎన్ని రోజులు పోయారు, చేతికెంత వచ్చింది?” అని అడుగుతాడు. కాగితం మీద ఆరు రోజులుండి ఇంట్లో రెండంటే, ఆ నాలుగు రోజుల కూలి ఎటు పోయినట్టు? ఒక్కోసారి మనిషే ఉండడు. ఊరంతా అడిగినా ఆ పేరు ఎవరూ ఎరగరు. ఇది ఏ కంప్యూటరూ ఇంట్లో కూర్చుని తేల్చే లెక్క కాదు.

2012లో తేలింది ఇది. కూలి డబ్బు అందుకోవడానికి పట్టే సమయం 20 శాతం తగ్గింది. దారిలో కారిపోయే డబ్బు 41 శాతం తగ్గింది. లబ్ధిదారుల్లో అత్యధికులు పాత పద్ధతి కన్నా కొత్తదే నయమన్నారు. ఈ చివరి మాట మామూలుది కాదు. చేతివాటం పోయినవాళ్ల గొంతు మండలాఫీసు దాకా, అక్కణ్నించి హైదరాబాదు దాకా తేలిగ్గా చేరుతుంది. లాభపడిన లక్షల మంది కూలీల గొంతు చేరదు. దాన్ని మోసుకెళ్లే పని ఇక్కడ సర్వే చేసింది.

అదే డేటా మీద ఆ ముగ్గురు ఇంకొన్నేళ్లు కూర్చున్నారు. ఉపాధి హామీ సరిగ్గా అమలైన మండలాల్లో జాబ్‌కార్డు కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పనుల నుంచి రాలేదు, బయటి సంపాదన నుంచి వచ్చింది. చేతిలో మరో పని ఉందన్న ధీమా ఉంటే కూలి రేటు దగ్గర మనిషి గట్టిగా బేరమాడగలడు. పొలాల్లో రేట్లు పెరిగాయి, బయటి పనిదినాలూ పెరిగాయి. ‘ఉపాధి హామీ వల్ల జనం బద్ధకిస్తులైపోయారు’ అని టీకొట్టు దగ్గర తీర్పు చెప్పే పెద్దమనుషులకు ఈ అంకె ఒకటి వినిపించాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అనుకున్నదానికి ఎదురు తిరిగే ఫలితాలూ ఉంటాయి. హైదరాబాదులో 104 బస్తీలు తీసుకుని, చీటీలో వచ్చిన 52 బస్తీల్లో ముందుగా సూక్ష్మరుణాల శాఖలు తెరిపించి చూశారు. ఉన్న చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటు, వీటిలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ఆ రుణాల్లో మహత్తు ఉందని ఊదరగొట్టినవాళ్లకూ, సర్వనాశనమని శాపనార్థాలు పెట్టినవాళ్లకూ ఆ ఫలితం రుచించలేదు.

మీకున్న పెట్టుబడి

తెలుగు. నవ్వకండి. ఇలాంటి అధ్యయనాలు చేసే సంస్థలు ఫీల్డ్ ఉద్యోగాలకు ఇచ్చే ప్రకటనల్లో స్థానిక భాష మాట్లాడగలగాలన్న షరతు తరచూ కనబడుతుంది. ప్రశ్నావళి మొదట ఇంగ్లిష్‌లో తయారవుతుంది. దాన్ని తెలుగులోకి ఒకరు మారుస్తారు. మూలం చూడని మరొకరు ఆ తెలుగును తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. రెండు ఇంగ్లిష్‌లూ కలవని చోట కూర్చుని కొట్లాడుకోవాలి. భూమి సంగతే తీసుకోండి. మహబూబ్‌నగర్‌లో గుంటలు, గుంటూరులో సెంట్లు. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు. ఫారంలో ఒకే గడి పెడితే 20 అన్న జవాబు ఒకచోట అరెకరం, మరోచోట ఎకరంలో ఐదో వంతు. ‘మీ కుటుంబంలో ఎందరు’ అంటే వేరుపడిన కొడుకునూ కలిపి చెబుతారు. ‘ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్లు ఎందరు’ అంటే సర్వేకు కావలసిన లెక్క వస్తుంది.

ఈ రంగంలో మొదటి మెట్టు సర్వే చేసేవాళ్లు. తర్వాత సూపర్‌వైజర్, ఫీల్డ్ మేనేజర్, రీసెర్చ్ అసోసియేట్. సూపర్‌వైజర్ అంటే పెత్తనం అనుకోవద్దు. నిన్న వెళ్లిన ఇళ్లలో కొన్నింటికి మళ్లీ వెళ్లి అవే ప్రశ్నలు కొన్ని అడిగి సరిపోల్చుకోవాలి, రాత్రి లాడ్జిలో కూర్చుని ఆ రోజు డేటా జల్లెడ పట్టాలి. ఒక సర్వేయరు ఇంటికి తొమ్మిది నిమిషాల్లో గంట పట్టే ప్రశ్నావళి ముగించాడంటే మర్నాడు పొద్దున్నే ఆ ఊరు బస్సెక్కాలి. జేపాల్ సౌత్ ఏషియా, ఐడీఇన్‌సైట్ లాంటి సంస్థలు ఇలాంటి పనులకు మనుషుల్ని తీసుకుంటాయి. హైదరాబాదులోనే సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ (సెస్) ఉంది, పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. ఇక్రిశాట్ 1975లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె, డోకూరుతో పాటు మహారాష్ట్రలో నాలుగు ఊళ్లు ఎంచుకుని, పరిశోధకుల్ని ఆ ఊళ్లలోనే కాపురం పెట్టించి ఇంటింటి జమాఖర్చులు రాయించింది. కరవొచ్చినా ఊరు ఒకరినొకరు ఎలా ఆదుకుంటుందన్న ప్రశ్న మీద రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో రాసిన ప్రసిద్ధ పత్రానికి ఔరేపల్లె లెక్కలూ ఆధారం.

ప్రభుత్వ కొలువే కావాలంటే యూపీఎస్సీ పరీక్ష ద్వారా తీసుకునే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు ఎకనామిక్స్‌లో పీజీ, ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ ఉండాలి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సీజీఎల్ ద్వారా జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులు భర్తీ అవుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అర్థగణాంక శాఖలున్నాయి.

చదువుకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, ముంబైలో ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ రీసెర్చ్ (ఐజీఐడీఆర్), తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ (సీడీఎస్), మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పేరున్నవి. అర్హతలు ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోండి. బీటెక్ వాళ్లను తీసుకునేవీ వీటిలో ఉన్నాయి. ఇంజినీర్లు ఇటు రావడం వింతేమీ కాదు. రిజర్వ్ బ్యాంకు మాజీ గవర్నర్ రఘురామ్ రాజన్ ఐఐటీ ఢిల్లీలో ఎలక్ట్రికల్ చదివారు. ఆయనకు ముందు గవర్నర్, ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు ఫిజిక్స్ చదివి ఐఏఎస్ అయి, ఆంధ్రా యూనివర్సిటీ నుంచి ఎకనామిక్స్‌లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. డబ్బు, ఊరు కదలడం రెండూ కుదరనివాళ్లకు ఈ రంగానికే ఉద్దేశించిన ఎంఐటీ వాళ్ల ఆన్‌లైన్ మైక్రోమాస్టర్స్ కోర్సు ఉంది, పరీక్ష ఫీజు ఆదాయాన్ని బట్టి తగ్గుతుంది. లెక్కలంటే భయమైతే ముందు ఆ భయం సంగతి చూసుకోండి. స్టాటిస్టిక్స్ లేకుండా ఈ రంగంలో రెండో మెట్టు ఎక్కలేరు. డేటా విశ్లేషణకు స్టాటా, ఆర్, పైథాన్‌లలో ఒకటైనా చేతిలో ఉండాలి.

చేదు కూడా చెప్పాలి

సాఫ్ట్‌వేర్‌తో పోల్చుకుని వస్తే మొదటి జీతం రోజే మనసు విరిగిపోతుంది. తొలి ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువి, ప్రాజెక్టుతోనే ముగుస్తాయి. అమ్మాయిలు ఫీల్డ్‌కు వెళ్తే రాత్రి బస, బాత్రూమ్, చీకటి పడ్డాక ప్రయాణం సంస్థ చూసుకుంటుందా అని ఇంటర్వ్యూలోనే అడగాలి. నేను చేరినచోట ఆ మాట ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఒక రాత్రి ఇద్దరు సర్వేయర్లు బస్టాండు బెంచీ మీద తెల్లవార్లూ కూర్చున్నారు.

ఓపికా కావాలి. స్మార్ట్‌కార్డుల సర్వే మొదలైంది 2010లో, మొదటి పత్రం అచ్చయింది 2016లో, కూలి రేట్ల పత్రం 2023లో. అన్ని ప్రశ్నలకూ లాటరీ పనికిరాదు. రూపాయి విలువను సగం జిల్లాల్లో తగ్గించి చూడలేం కదా. 2015 నోబెల్ విజేత ఆంగస్ డీటన్ ఈ ప్రయోగాల మీద మోజును గట్టిగా విమర్శించారు. ఒకచోట ఫలించింది ఇంకోచోట ఫలిస్తుందన్న పూచీ లేదన్నది ఆయన వాదనల్లో ఒకటి. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ఆయన్నీ చదవాలి.

అప్లికేషన్ పెట్టే ముందు ఒక చిన్న పని చేసి చూడండి. కేంద్ర గణాంక శాఖ ఉపాధి సర్వే ప్రశ్నావళి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మీ ఊరి తెలుగులోకి మార్చుకుని మీ అమ్మనో, పక్కింటి అత్తనో ఎదురుగా కూర్చోబెట్టి అడగండి. ‘పనేం లేదు’ అంటే అలాగే రాసుకోండి. తర్వాత పొద్దున ఎన్నింటికి లేచారో అడగండి.