శిక్షల కూడిక

ఒక దొంగ రాత్రివేళ ఒక యింటి తాళము పగులగొట్టి లోనికి చొచ్చెను, నగలు అపహరించెను, అడ్డుకొనిన యజమానిని గాయపరచెను. రాత్రి యొక్కటియే, నేరములు మాత్రము మూడు. న్యాయస్థానము వానికి ఆ మూడింటికిని వరుసగా రెండు, మూడు, ఐదు సంవత్సరముల శిక్షలు విధించినదనుకొనుడు. వాడు చెరసాలలో ఎన్ని సంవత్సరము లుండవలెను?

ఇది సులభమైన కూడికవలె తోచును. కాని దీనికి సమాధానము అన్ని దేశములందు నొక్కటి కాదు. శిక్షలు ఒకదాని తరువాత నొకటి నడచినచో పది సంవత్సరములగును. అన్నియు ఏకకాలమున నడచినచో చిన్నవి పెద్దదానిలో కలిసిపోయి ఐదు సంవత్సరములే యగును.

జర్మనీ దేశము నడిమి మార్గము నవలంబించినది. అచ్చట న్యాయాధిపతి పెద్ద శిక్షను తీసికొని, దానిని కొంత పెంచి, మొత్తము మీద ఒకే శిక్ష విధించును. అది ఐదు సంవత్సరములకు మించవలెను, పదింటికి లోబడవలెను. గడువుగల శిక్షలను ఎన్నింటిని కలిపినను 15 సంవత్సరములు దాటరాదు.

అమెరికాలో కూడిక యెంత దూరమైనను పోవచ్చును. 1995లో ఓక్లహోమా నగరమున జరిగిన బాంబు ప్రేలుడులో 168 మంది మరణించిరి. ఆ కుట్రలో పాల్గొనిన టెర్రీ నికోల్స్‌కు 2004లో ఆ రాష్ట్ర న్యాయస్థానము 161 హత్యలకు 161 యావజ్జీవ శిక్షలను ఒకదాని వెంట నొకటిగా విధించినది. ఏ మానవుడును అన్ని జీవితములు చెరలో గడపజాలడు. అయినను ఇట్టి లెక్కకు అర్థము లేకపోలేదు. పోయిన ప్రతి ప్రాణమునకును వేఱుగా శిక్ష పడును. పై న్యాయస్థానము ఒక శిక్షను కొట్టివేసినను తక్కినవి నిలుచును.

భారతదేశమున సుప్రీంకోర్టు 2016లో వేఱొక మాట చెప్పినది. మనుష్యునకు జీవిత మొక్కటియే కనుక యావజ్జీవ శిక్షలు ఒకదాని తరువాత నొకటి నడువజాలవని తీర్పిచ్చినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, ఒకే విచారణలో రుజువైన పలు నేరముల శిక్షలు ఏకకాలమున నడువవలెనో, వరుసగా నడువవలెనో, నేరముల తీవ్రతను చూచి న్యాయస్థానమే నిర్ణయించును. వరుసగా నడచు శిక్షల మొత్తము 20 సంవత్సరములు మించరాదు. 1973 నాటి శాసనములో ఈ హద్దు 14 సంవత్సరములు.

శిక్షలన్నియు ఒకదానిలో కలిసిపోయినచో, "నా సొమ్ము పోయినందుకు శిక్ష యేది?" యని యజమాని యడుగును. అన్నియు కూడినచో, చిన్న నేరములు పెక్కు చేసినవాడు చెరలోనే ముసలివాడగును. ఈ రెండింటి నడుమ తగిన కొలత నెన్నుట యెట్టి గణితమునకును సాధ్యము కాదు. అందుచేతనే న్యాయపీఠముపై విచక్షణగల మనుష్యుడు కూర్చుండవలసియున్నది.