కుక్క తోక ఏం చెబుతుంది?

"వాడు తోక ముడిచాడు" అంటాం. భయపడి వెనక్కి తగ్గాడని అర్థం. ఈ మాట కుక్కను చూసి పుట్టిందే. కుక్క మనసులో ఉన్నది దాని తోకలో కనబడుతుంది.

"తోక ఊపే కుక్క కరవదులే" అని చాలామంది పిల్లలకు చెబుతారు. అది నిజం కాదు. తోక ఊపుతూనే కరిచే కుక్కలున్నాయి. తోక ఎలా ఊపుతోందో చూడాలి.

మీ వీధి కుక్కనే చూడండి. రోజూ అన్నం పెట్టే మనిషి వస్తే దాని తోక వదులుగా, అటూ ఇటూ బాగా ఊగుతుంది. తోకతోపాటు నడుమూ ఊగుతుంది. అది సంతోషం.

కొత్త మనిషి వచ్చాడనుకోండి. తోక పైకి లేస్తుంది. కర్రలా బిగుసుకుంటుంది. కొస మాత్రం చిన్నగా, వేగంగా కదులుతుంది. ఒళ్ళు కదలదు. చూపు తిప్పదు. వీపు మీద వెంట్రుకలు లేస్తాయి. ఇదీ తోక ఊపడమే. కానీ "దగ్గరికి రావద్దు" అని చెప్పడం.

మన వీధి కుక్కల్లో చాలావాటికి తోక పుట్టుకతోనే పైకి వంకర తిరిగి ఉంటుంది. కాబట్టి తోక ఒక్కటే చూస్తే చాలదు. ఒళ్ళంతా చూడాలి.

ఇటలీ దేశంలో శాస్త్రవేత్తలు 30 కుక్కలను పరీక్షించారు. 2007లో ఆ వివరాలు ప్రకటించారు. యజమాని కనబడితే తోక కుడివైపుకు ఎక్కువ ఊగిందట. కొత్త కుక్క ఎదురైతే ఎడమవైపుకు ఎక్కువ ఊగిందట. వింతగా ఉంది కదా! అయితే ఆ తేడా మన కంటికి అందడం కష్టం.

ఇక ముడిచిన తోక. భయపడిన కుక్క కాళ్ళ సందున తోక పెట్టుకుంటుంది. దారి ఉంటే పారిపోతుంది. మూలకు తరిమితే మాత్రం కరుస్తుంది. పిల్లలు రాళ్ళు పట్టుకుని తరుముతుంటే ఆపండి. తింటున్న కుక్క దగ్గరికీ, ఈనిన కుక్క దగ్గరికీ పోనివ్వకండి.

కుక్క గుర్రుమంటే పరుగెత్తకూడదు. దాని కళ్ళలోకి చూడకూడదు. కాసేపు కదలకుండా నిలబడాలి. తర్వాత మెల్లగా వెనక్కి అడుగు వేయాలి.

అయినా కరిస్తే? గోరు గీరుకున్నా సరే, వెంటనే ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకు పసరు పెట్టకూడదు. పెంపుడు కుక్కే కదా అని ఊరుకోకూడదు. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. కుక్కకాటు వల్ల వచ్చే రేబిస్ జబ్బు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు ఉండదు. వెంటనే టీకా మొదలుపెట్టి పూర్తి చేస్తే ఆ జబ్బును దాదాపు తప్పించుకోవచ్చు.

బొడ్డు చుట్టూ సూదులు పొడుస్తారని కొందరు ఇప్పటికీ భయపడతారు. అది పాత పద్ధతి. ఇప్పుడు పెద్దవాళ్ళకు చేతికే వేస్తారు. గాయం లోతుగా ఉంటే గాయం దగ్గర ఇంకో మందు కూడా వేస్తారు. మళ్ళీ ఏ రోజుల్లో రావాలో చీటీ మీద రాసిస్తారు. ఎవరినీ అడగక్కర్లేదు. ఆ తేదీలు మీరే చదువుకోండి. ఒక్కటీ తప్పకుండా వెళ్ళండి.