గుడ్డ డైపర్లు ఎలా ఉతకాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకి ఐదో నెల. పగలంతా గుడ్డ డైపర్లే వేస్తున్నాం. మావి బోరు నీళ్ళు. రోజూ సబ్బు పొడి నీళ్ళలో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, ఒకసారి జాడించి, చివర్లో బకెట్ నీళ్ళలో యాంటీసెప్టిక్ లోషన్ కలిపి ముంచి తీసి ఆరేస్తున్నాను. అయినా వారం రోజులుగా పాప పిరుదులు, తొడలు ఎర్రగా కందిపోయి ఉంటున్నాయి. ఆరిన గుడ్డకి ఏ వాసనా ఉండదు. పాప ఒకసారి పాస్ పోయగానే ముక్కు పగిలే ఘాటు వస్తోంది. క్రిములు చావడం లేదు, లోషన్ ఇంకాస్త ఎక్కువ వెయ్యమని మా అత్తయ్య అంటున్నారు. ఈ గుడ్డల గొడవ మానేసి కొన్న డైపర్లు వేద్దామని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లోషన్ ఎక్కువ వేయడం కాదమ్మా, అసలు వేయడమే ఆపండి. డైపర్ ఉతకడమంటే గుడ్డలో చేరినదాన్ని బయటికి తీయడం. మూత్రం, మలం ఎలా పోవాలో, వాటిని వదిలించడానికి మనం వేసిన సబ్బు కూడా అలాగే పోవాలి. మీరు రాసిన వివరాలను బట్టి మీ ఇంట్లో ఈ రెండూ కొంతకొంత గుడ్డలోనే ఉండిపోతున్నాయి. దానిమీద లోషన్ పోస్తే పాప ఒంటికి తగిలే పదార్థం ఇంకొకటి పెరుగుతుందే తప్ప, లోపల ఉన్నది బయటికి రాదు.

మీ అత్తయ్యగారి అనుమానానికి వైద్యంలోనే పాత మూలం ఉంది. 1921లో కుక్ అనే అమెరికన్ వైద్యుడు, మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మార్చే ఒక బాక్టీరియా వల్లే డైపర్ పుండ్లు వస్తాయని రాశాడు. ఆ బాక్టీరియాను చంపితే సరిపోతుందన్న నమ్మకంతో దశాబ్దాల పాటు డైపర్లను మందునీళ్ళలో ముంచారు. 1977లో కొందరు చర్మవైద్యులు ఒరుపు (డైపర్ వల్ల ఇలా కందిపోవడం) ఉన్న పిల్లల్నీ లేని పిల్లల్నీ పోల్చి చూశారు. అమ్మోనియాలో గానీ, దాన్ని తయారుచేసే బాక్టీరియాలో గానీ ఇద్దరి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తర్వాతి పదేళ్ళలో అసలు సంగతి తేలింది. మలంలో మాంసకృత్తుల్నీ కొవ్వునీ అరిగించే ఎంజైములు ఉంటాయి. మన చర్మం సహజంగా కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది కాబట్టి అవి దానిమీద అంతగా పనిచేయలేవు. మూత్రమూ మలమూ కలిసినప్పుడు పుట్టే అమ్మోనియా ఆ ఆమ్లగుణాన్ని పోగొట్టి చర్మాన్ని క్షారం వైపు లాగుతుంది. అప్పుడు ఎంజైములకు బలం వచ్చి, తడికి నాని మెత్తబడిన చర్మాన్ని తినేయడం మొదలుపెడతాయి. గుడ్డ రాపిడి తోడైతే కందిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. బట్టల సబ్బు కూడా క్షారమే. జాడింపు చాలక గుడ్డలో మిగిలిన సబ్బు, పాప తడపగానే కరిగి, అమ్మోనియా చేసే పనికే సాయం పడుతుంది.

బోరు నీళ్ళు ఈ కష్టాన్ని ఇంకా పెంచుతాయి. మన తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో కఠినత 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే దారి లేని చోట 600 దాకా ఒప్పుకుంటారు. మన ఊళ్ళలో బోర్లు చాలావాటిలో కఠినత ఎక్కువే. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి, నీళ్ళలో కరగని తెల్లటి తెట్టుగా మారతాయి. బకెట్ అంచుకి జిడ్డుగా అంటుకునేది అదే. నూలు పోగుల మధ్య చేరేదీ అదే. నురగ రావడం లేదని ఇంకో గుప్పెడు పొడి వేస్తాం, తెట్టు ఇంకా పెరుగుతుంది. కొన్నాళ్ళకు గుడ్డ అట్టలా బిరుసెక్కుతుంది, తడి పీల్చుకోదు, పాత మూత్రాన్ని పట్టుకుని వదలదు. ఆరినప్పుడు వాసన లేకుండా ఉండి, తడవగానే ఘాటు రావడానికి కారణం లోపల నిలవ ఉన్న ఆ పాత మూత్రమే.

నా మాట నమ్మే ముందు మీరే పరీక్ష చేసి చూడండి. ఉతికి ఆరిన డైపర్ ఒకటి తీసుకుని, సబ్బేమీ వేయకుండా గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో వేసి బాగా పిసకండి. నీళ్ళు పాలకడుగులా తెల్లబడినా, వేళ్ళకి జారుడుగా తగిలినా, అంచుల్లో బుడగలు కట్టినా, సబ్బు మిగిలి ఉన్నట్టే. ఇంకో ఆరిన గుడ్డ మీద నాలుగు చుక్కల నీళ్ళు వేయండి. వెంటనే ఇంకకుండా ముత్యాల్లా నిలబడితే ఆ గుడ్డకి నూనె గానీ, క్రీము గానీ, బట్టలు మెత్తబడడానికి వేసే కండిషనర్ గానీ పట్టి ఉంది. కండిషనర్ చేసే పనే పోగుల మీద పూత పూయడం. డైపర్‌కి దాన్ని ఎప్పుడూ వాడకండి.

ఇది చదివి సబ్బు చిటికెడు చాలనుకుంటే అదీ పొరపాటే. సబ్బు చాలకపోతే మూత్రం, జిడ్డు వదలవు, వాసన మళ్ళీ మొదటికొస్తుంది. మలం ఉంటే విప్పగానే దులిపి, కుళాయి ధార కింద కడిగి, ఆ నీళ్ళను మరుగుదొడ్డిలోనే పోయండి. పసిపిల్లల మలానికి దోషం లేదని వీధి కాలవలో పోస్తారు గానీ, విరేచనాల వైరస్‌లు దానిలోనూ ఉంటాయి. విప్పిన గుడ్డల్ని నీళ్ళలో నానబెట్టి ఉంచకుండా, గాలి ఆడే బుట్టలో పొడిగా వేసి, మర్నాటికల్లా ఉతకండి. నానిన బకెట్‌లో మూత్రం మురిగి అమ్మోనియా పెరుగుతుంది. పైగా పాకే పిల్లలున్న ఇంట్లో జానెడు నీళ్ళున్న బకెట్ కూడా ప్రాణాపాయమే. ఉతికేటప్పుడు మొదట సబ్బు లేకుండా చల్లటి నీళ్ళలో పిండి మూత్రాన్ని వదిలించాలి. మొదటే వేడినీళ్ళు పోస్తే మలంలోని మాంసకృత్తులు పోగులకు పట్టేసి మరక ఉండిపోతుంది. తర్వాత బట్టల సబ్బు బిళ్ళ కాకుండా, వాసనా రంగూ లేని డిటర్జెంట్‌ని ప్యాకెట్ మీద రాసిన కొలతతో వేసి, వేడినీళ్ళలో ఉతకండి. కఠిన నీటిలో డిటర్జెంట్ సబ్బు అంత తెట్టు కట్టదు. చివరికి నీళ్ళు మార్చి మార్చి, నురగా జారుడూ లేకుండా తేటగా వచ్చేదాకా జాడించండి. మిషన్ అయితే డ్రమ్ము నిండా కుక్కకుండా, రిన్స్ ఇంకోసారి తిప్పండి. నీళ్ళకు ఇబ్బందిగా ఉండే ఇళ్ళలో ఇది భారమని తెలుసు. కానీ ఆదా చేయాల్సి వస్తే మొదటి పిండుడు నీళ్ళలో చేయండి, ఆఖరి జాడింపులో చేయవద్దు. ఇప్పటికే బిరుసెక్కిన గుడ్డల్ని వాననీళ్ళలో గానీ మున్సిపల్ నీళ్ళలో గానీ, సబ్బు వేయకుండా రెండు మూడుసార్లు వేడిగా ఉతికితే చాలావరకు తేరుకుంటాయి.

మరి క్రిముల సంగతేమిటని అడుగుతారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ డైపర్‌ని ఆపరేషన్ గుడ్డలా శుభ్రం చేయనక్కర్లేదు. వేసిన మరుక్షణం నుంచి దానిలో బిడ్డ ఒంటి బాక్టీరియా మళ్ళీ చేరుతుంది. డిటర్జెంట్, వేడినీళ్ళు, ధారాళంగా జాడింపు, ఎర్రటి ఎండ కలిస్తే మిగిలేది చాలా తక్కువ. గుడ్డలో ఉండిపోయే రసాయనం మాత్రం, తడీ వేడీ ఉన్న చోట, పల్చటి చర్మం గుండా లోపలికి పోగలదు. 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక ఆసుపత్రి నర్సరీలో తొమ్మిదిమంది పసికందులు విపరీతమైన చెమటలతో, ఆయాసంతో జబ్బుపడ్డారు. ఇద్దరు చనిపోయారు. వెతికితే, లాండ్రీలో డైపర్లూ పక్కబట్టలూ ఆఖరుసారి జాడించే నీళ్ళలో కలిపిన క్రిమినాశకంలోని పెంటాక్లోరోఫినాల్ అనే రసాయనమే కారణమని తేలింది. మీరు వాడే లోషన్ అంత విషం కాదు, భయపడకండి. అయినా కందిన చర్మానికి అది మంట పెడుతుంది, మేలేమీ చేయదు. ఒకప్పుడు డైపర్ల దగ్గర వాడిన బోరిక్ పౌడరు కూడా పిల్లల ప్రాణాలు తీసింది. మన ఇళ్ళలో ఇప్పటికీ ఉన్న ప్రమాదం కలరా ఉండలు. పెద్దపిల్లవాడి గుడ్డల్ని నాఫ్తలీన్ ఉండలు వేసి పెట్టెలో దాచి, చెల్లెలు పుట్టగానే తీసి వేస్తారు. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డకి ఆ ఆవిరితోనే ఎర్రరక్తకణాలు చితికిపోయి, మెదడును దెబ్బతీసేంత కామెర్లు రావచ్చు. ఈ లోపం ముందుగా బయటికి కనబడదు, మన దేశంలో అరుదూ కాదు. దాచిన గుడ్డల్ని ఉతికి, ఎండలో బాగా వేసి, ఆ వాసన పూర్తిగా పోయాకే వాడండి.

అదనపు జాగ్రత్త కావాల్సిన సందర్భాలు లేకపోలేదు. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకున్నా, బిడ్డకి ఫంగస్ ఉన్నా, ఉతికిన నూలు గుడ్డల్ని పది నిమిషాలు మరిగించి ఆరేయండి. అప్పుడు కూడా మందునీళ్ళు అక్కర్లేదు. ప్లాస్టిక్ పూత ఉన్న పైతొడుగుల్ని మాత్రం మరిగించకూడదు, ఇస్త్రీ చేయకూడదు. పూత ఊడి తడి కారుతుంది. వానాకాలంలో ఎండ లేనప్పుడు ఫ్యాను కింద ఆరబెట్టి, నూలు గుడ్డని వేడిగా ఇస్త్రీ చేస్తే సరిపోతుంది. చెమ్మ ఉన్న గుడ్డ మడత పెట్టవద్దు.

మీవారు చెప్పిన మాటా కొట్టిపారేసేది కాదు. కొన్న డైపర్లలోని జెల్ తడిని చర్మానికి దూరంగా పట్టి ఉంచుతుంది. కానీ వాటివల్ల ఒరుపు తగ్గుతుందని గట్టిగా చెప్పడానికి తగిన సాక్ష్యం లేదని, అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ చూసి 2006లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఏది వేసినా ఎంత త్వరగా మార్చారన్నదే ముఖ్యం. పగలు రెండు మూడు గంటలకోసారి, మలం పోతే వెంటనే మార్చండి. రాత్రి నిద్ర చెడకుండా కొన్నది వేసుకున్నా తప్పేమీ లేదు. ఒరుపు తగ్గేదాకా పైతొడుగు తీసేసి, వట్టి నూలు గుడ్డ వేసి, రోజూ కాసేపు ఏమీ వేయకుండా గాలికి వదలండి. మార్చినప్పుడల్లా జింక్ ఆక్సైడ్ క్రీము దట్టంగా రాయండి. క్రీము గుడ్డకి పట్టకుండా మధ్యలో ఒక పాత పల్చటి నూలు పీలిక వేయండి. పౌడరు వద్దు, పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు.

ఈ మార్పులతో మూడు నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గుముఖం పట్టాలి. పట్టకపోతే చర్మం మడతలు చూడండి. మామూలు ఒరుపు గుడ్డ రాసుకునే ఎత్తైన చోట్ల ఉంటుంది, గజ్జల మడతల్ని వదిలేస్తుంది. మడతల్లోపల ముదురు ఎరుపు, చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు ఉంటే అది క్యాండిడా ఫంగస్, దానికి వేరే మందు కావాలి. చీముపొక్కులు, పుండ్లు, జ్వరం ఉంటే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మందుల షాపులో అడిగితే ఇచ్చే, స్టెరాయిడ్ కలిసిన మూడు మందుల ట్యూబు మాత్రం రాయకండి. తొడుగు కింద మూసి ఉంచిన చర్మం స్టెరాయిడ్‌ని మామూలుకంటే చాలా ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇప్పటికే రాసి ఉంటే ఆ ట్యూబును డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్ళి, ఎన్నాళ్ళు రాశారో చెప్పండి.