పదునుకు తూకము

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు బాటలో నేల రంగు పలుచోట్ల మారుచుండును. ఒకచోట ఇసుకపాలు హెచ్చుగా గల ఎఱ్ఱచల్క. వేఱొకచోట బంకపాలు మిక్కుటముగా గల నల్లరేగడి. అడవి దగ్గఱపడిన కొలది టేకు, మద్ది, ఇప్ప చెట్లు కానవచ్చును. ఒకే వాన కురిసినను చల్క త్వరగా ఆరును. రేగడి చాల దినములు చెమ్మను నిలుపుకొనును. ఈ చెమ్మనే మన రైతులు ‘పదును’ అందురు. పిడికెడు మట్టిని ముద్దచేసి చూచి, విత్తుటకు పదును చాలునో చాలదో వారు చెప్పగలరు.

చేనికి ఈ చేతిపరీక్ష చాలును. కుండీలలో మొక్కలను పెంచి ప్రయోగము చేయునపుడు చాలదు. ఒక విద్యార్థి ఒక కుండీని చల్కమట్టితోను, మఱియొక దానిని రేగడితోను నింపి, రెండింట మిరపనారు నాటి, దినమునకు చెరొక గ్లాసెడు నీరు పోసెననుకొందము. చల్కలోని మొక్క వాడినది. “ఈ మట్టి మిరపకు పనికిరాదు” అని అతడు వ్రాసికొనినచో అది సత్యమగునా? దోషము మట్టిదో, నీటిదో ఎట్లు తెలియును? ఆ మాట నమ్మి ఒక రైతు మంచి చేనిని బీడు పెట్టినచో నష్టమెవరిది?

కావున పదునును త్రాసుతో తూచవలెను. కుండీలో నింపబోవు మట్టి నుండి 110 గ్రాములు తీసి, 105 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గల ఓవెనులో 24 గంటలుంచి, మరల తూచవలెను. 100 గ్రాములు తూగినచో, పోయిన 10 గ్రాములు నీరు. దీనిని తడిమట్టితో గాక ఎండుమట్టితో పోల్చి లెక్కింతురు. అనగా తేమ నూటికి 10 పాళ్లు.

ఇట్టి తడిమట్టి 4,400 గ్రాములలో ఎండుమట్టి 4,000 గ్రాములు, నీరు 400 గ్రాములు. తేమ నూటికి 20 పాళ్లు కావలెనన్న ఇంకను 400 గ్రాముల నీరు, అనగా 400 మిల్లీలీటర్లు, పోయవలెను. ఖాళీకుండీ 600 గ్రాములైనచో మొత్తము 5,400 గ్రాములు. ఈ అంకెను కుండీపై వ్రాసి, ప్రతి సాయంకాలము తూచి, తగ్గినంత నీరే పోయవలెను. 5,250 తూగిన నాడు 150 మిల్లీలీటర్లు చాలును. మొక్క పెరిగిన కొలది దాని బరువును గూడ లెక్కలో చేర్చవలెను.

అయితే రెండు మట్టులకు ఒకే అంకె తగదు. రేగడిలోని సన్నని రేణువులు నీటిని గట్టిగా పట్టియుంచును. చల్కలో మొక్కకు చాలినంత తేమ, రేగడిలో వేళ్లకు అందకపోవచ్చును. అందుచే ప్రతి మట్టిని నిండుగ తడిపి, ఆవిరి పోకుండ మూతవేసి, అడుగు రంధ్రము నుండి నీరు కారుట ఆగిన పిదప తూచవలెను. అపుడు నిలిచిన నీరే ఆ మట్టి పట్టుశక్తి. అందులో నూటికి 70 పాళ్లు అని రెండింటికి నియమించినచో పోలిక చాలవఱకు న్యాయమగును.

17వ శతాబ్దమున, నేటి బెల్జియము ప్రాంతమున, వాన్ హెల్మాంటు అను శాస్త్రజ్ఞుడు ఎండబెట్టిన 200 పౌండ్ల మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్కను నాటెను. 5 ఏండ్లు నీరు పోయగా చెట్టు 169 పౌండ్లు దాటెను. మట్టిని మరల ఎండబెట్టి తూచగా సుమారు 2 ఔన్సులే తగ్గెను. తడిమట్టినే తూచియున్నచో ఆ స్వల్పభేదము నీటి బరువులో మఱుగుపడెడిది. కాని చెట్టంతయు నీటి నుండియే పుట్టినదని ఆయన తలచెను. చెట్టు గాలి నుండి బొగ్గుపులుసు వాయువును గ్రహించునని పిదపివారు కనుగొనిరి. కొలిచినది ఆయనకు నిజము చెప్పెను. కొలవనిది పొరపాటు చేయించెను.

బాలలారా! మొక్క వాడినపుడు మట్టిని నిందింపకుడు. ముందు కుండీని తూచుడు.