మిలటరీలో ఉంటూ ఆన్‌లైన్ చదువు: డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

సెలవు మీద పలమనేరు వచ్చాను. “సార్, ఈరోజే లాస్ట్ డేట్, ఐదు వేలు కడితే సీటు మీదే” అని ఫోన్లమీద ఫోన్లు. కట్టమంటారా?

కట్టొద్దు. ముందు యూజీసీ దూరవిద్యా విభాగం, అంటే డీఈబీ వెబ్‌సైట్ తెరవండి. యూనివర్సిటీ పేరుంటే చాలదు. మీరు చేరబోయే కోర్సుకు, ఈ ఏడాదికి అనుమతి ఉందో చూడాలి. ఉంటే ఆ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022లో యూజీసీ స్పష్టం చేసింది. ఆన్‌లైన్ బీటెక్, నర్సింగ్, లా అని ఎవరైనా అంటే మాత్రం ఫోన్ పెట్టేయండి, అవి ఈ పద్ధతిలో చెల్లవు. “ఫలానా యూనివర్సిటీ ఫ్రాంచైజీ” అని వీధిలో బోర్డు కట్టడమూ నిబంధనలకు విరుద్ధమే. చేరడానికి కావాల్సిన డీఈబీ ఐడీ మీరే చేసుకోండి, ఏజెంటు చేతికి ఆధార్ ఇవ్వొద్దు.

యూనిట్‌లో చెప్పాలా?

చెప్పాలి. అనుమతి కాగితం మీదే తీసుకోండి. నోటిమాట పోస్టింగ్‌తోపాటే పోతుంది. దరఖాస్తులో యూనిట్ పేరు, పోస్టింగ్ ఊరు రాయకండి. 2020 జూలైలో సైన్యం 89 యాప్‌లను ఫోన్లలోంచి తీసేయమంది. కోర్సు యాప్ వేసుకునే ముందు ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఉచితంగా దొరికేవేమైనా ఉన్నాయా?

ఉన్నాయి, మనవాళ్లు వాడుకునేది తక్కువ. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఊరికే వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. పరీక్ష తేదీకి మీరెక్కడుంటారో ఆలోచించుకుని కట్టండి. రిటైర్మెంటు దగ్గరపడితే పునరావాస డైరెక్టరేట్, డీజీఆర్ కోర్సులున్నాయి. జవాన్లకు, జేసీవోలకు ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది.

పదో తరగతితో చేరాను, పదిహేనేళ్లు నిండాయి. డిగ్రీ తప్పదా?

అన్నిటికీ అక్కర్లేదు. మెట్రిక్ పాసై పదిహేనేళ్లు సర్వీసు చేసిన మాజీ సైనికుణ్ణి, డిగ్రీ అడిగే కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాలకు అర్హుడిగా తీసుకోవచ్చని 1986 నుంచే ఉత్తర్వు ఉంది. సాంకేతిక అర్హత అడిగే పోస్టులకు ఇది పనికిరాదు. ఈ ముక్క తెలియక డిగ్రీకి అప్పు చేసే ఇళ్లున్నాయంటేనే నాకు బాధ.

మావోడు అగ్నివీర్. నాలుగేళ్లే కదా, చదువెట్లా?

పదో తరగతితో చేరినవాళ్లు ఇంటర్‌కు సమానమైన చదువు జాతీయ ఓపెన్ స్కూల్, అంటే ఎన్ఐఓఎస్‌లో పూర్తి చేయొచ్చు. ఇంటర్ ఉంటే ఇగ్నో డిగ్రీ ఉంది. అందులో సగం క్రెడిట్లు సైన్యంలో పొందిన శిక్షణకే వస్తాయి. బయట డబ్బు పోసే ముందు ఇది చూడండి.

ఇప్పటికే కట్టేశాను, ఈఎంఐ కూడా పడుతోంది. దారుందా?

రసీదు, వాట్సాప్ మాటలు, ఈఎంఐ ఒప్పందం దాచిపెట్టి 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఇంకా సందేహముంటే చిత్తూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. రిటైరైనవాళ్లు వెళ్లేటప్పుడు డిశ్చార్జి బుక్ మరిచిపోవద్దు.