నలభై శాతం గీత: వైద్య పరీక్షలో కాదన్నప్పుడు ఏం చేయాలి?

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

ఏ సోమవారం నాడైనా మన కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజావాణికి పోయి చూడండి. గద్వాల గానీ, వనపర్తి గానీ, నాగర్‌కర్నూలు గానీ, ఎక్కడైనా ఒకటే దృశ్యం. వరుసలో చంక కర్రలతో నిలబడినవారు కొందరు, పిల్లవాణ్ణి భుజాన వేసుకొచ్చిన తల్లులు కొందరు. అందరి చేతుల్లో మడతలు పడిన ఒక కాగితం, ఆ కాగితం మీద ఒక అంకె. ఆ అంకె 40 అయితే పింఛనుకు అర్హత ఉన్నట్టు. 39 అయితే లేనట్టు.

"మాకు రాదన్నరు సార్" అని చెప్పుకొని ఇంటికి మళ్ళేవారే ఎక్కువ. ఎందుకు రాదన్నారో అడిగేవారు తక్కువ. అడగవచ్చుననీ, అడిగితే రాతపూర్వకంగా జవాబు చెప్పవలసిన బాధ్యత ఉన్నదనీ, ఆ జవాబు మీద అప్పీలు చేసుకునే హక్కు చట్టంలోనే రాసి ఉన్నదనీ చాలామందికి తెలియదు. నాకూ నిరుటి దాకా తెలియదు. మా చిన్నాయన విషయంలో నేర్చుకున్నది మన సావనీరు పాఠకులకు పాఠంగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

1. ఈ గీత ఎక్కడిది?

మన దేశంలో వికలాంగుల కోసం మొదటి సమగ్ర చట్టం 1995లో వచ్చింది. అందులో 7 రకాల వైకల్యాలను గుర్తించారు. దాని స్థానంలో వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలయింది. ఇందులో వైకల్యాల సంఖ్య 21కి పెరిగింది. 40 శాతం అనే గీత మాత్రం రెండింటిలోనూ ఉంది.

తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పథకం మొదలైనప్పుడు వికలాంగుల పింఛను నెలకు 1,500 రూపాయలు. 2019లో అది 3,016 అయింది. 2023 జూలైలో 4,016కు పెంచారు. కూలికి పోలేని మనిషి ఉన్న ఇంట్లో ఈ మొత్తం అంటే నెల బియ్యం, నూనె, మందుల ఖర్చు. అందుచేత ఆ రెండు మూడు శాతాల తేడా చిన్న విషయం కాదు.

శాతాన్ని నిర్ణయించేది వైద్యాధికారి. ఇదివరకు సదరం శిబిరాలలో ఈ పరీక్షలు జరిగేవి. తరువాత కేంద్ర ప్రభుత్వం వారి యూడీఐడీ పద్ధతి వచ్చింది. మా ఊళ్ళల్లో ఇప్పటికీ అందరూ "సదరం" అనే అంటారు. డాక్టరు తన ఇష్టం వచ్చినట్టు శాతం వేయడానికి లేదు. ఏ వైకల్యాన్ని ఎట్లా కొలవాలో కేంద్ర ప్రభుత్వం 2018 జనవరిలో మార్గదర్శకాలు ప్రకటించింది, 2024 మార్చిలో వాటిని సవరించింది. డాక్టరు కొలిచేది ఆ లెక్క ప్రకారమే. మనం పోట్లాడవలసింది కూడా ఆ లెక్క ప్రకారమే.

2. ముప్పై, పన్నెండు కలిస్తే ఎంత?

మా చిన్నాయన కుడి చేయి వేరుశనగ మిషన్‌లో పడి నలిగింది. వేళ్ళు తెగిపోలేదు గానీ నరాలు, కండరాలు దెబ్బతిన్నాయి. మణికట్టు పూర్తిగా తిరగదు. పలుగు, పార పట్టలేడు. పరీక్షకు పోతే 38 శాతం అని కాగితం వచ్చింది. అర్హత లేదన్నారు.

కొలతల వివరాలు ఇమ్మని దరఖాస్తు పెడితే కొన్నాళ్ళకు ఒక షీటు ఇచ్చారు. అందులో చేతి పంజాకు 30, మణికట్టుకు 12 అని ఉంది. మా నాయన అది చూసి మండిపడ్డాడు. "ముప్పై, పన్నెండు కలిస్తే నలభై రెండు గదరా! మనల్ని చదువు రానోళ్ళను జేసి మోసం జేసిండ్రు" అన్నాడు. నేనూ మొదట అట్లాగే అనుకున్నాను.

తీరా చూస్తే అది మోసం కాదు, సూత్రం. చేయి కాళ్ళలో రెండు లోపాలు ఉన్నప్పుడు వాటిని మామూలుగా కూడరు. పెద్ద అంకె "అ", చిన్న అంకె "ఆ" అనుకుంటే,

మొత్తం = అ + ఆ × (90 − అ) ÷ 90

ఒక అవయవానికి గరిష్ఠం 90. అందులో 30 పోగా మిగిలింది 60, అంటే మూడింట రెండు వంతులు. రెండవ లోపం ఆ మిగిలిన భాగానికే వర్తిస్తుంది. 12లో మూడింట రెండు వంతులు 8. కాబట్టి 30 + 8 = 38. లెక్క సరిగానే ఉంది.

"కూడిక తప్పు చేశారు" అని అర్జీ పెట్టి ఉంటే అది ఒక్క నిమిషంలో కొట్టివేసేవారు. అందుకని షీటును మళ్ళీ చదివాను. చేతి పంజాను మూడు అంశాలుగా కొలుస్తారు: పట్టు పట్టే తీరుకు 30, స్పర్శకు 30, బలానికి 30. మా చిన్నాయనకు పట్టు కింద 16, బలం కింద 14 వేశారు. స్పర్శ దగ్గర సున్న ఉంది. అంటే స్పర్శలో లోపమే లేదని అర్థం.

కానీ చిన్నాయన చూపుడు వేలికి నిప్పు అంటుకున్నా తెలియదు! ఒకసారి పొయ్యి దగ్గర కాలి బొబ్బ లేచేదాకా చూసుకోలేదు. ఆ సంగతి పరీక్ష నాడు ఆయన చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, "వాళ్ళు అడగలే బిడ్డా, నేను చెప్పలే. పెద్ద డాక్టర్లు, వాళ్ళకు తెల్వదా అనుకున్న" అన్నాడు. ఆపరేషను నాటి డిశ్చార్జి కాగితంలో నరం తెగిందని స్పష్టంగా ఉంది. అది మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది. డాక్టరు ముందుకు పోనే లేదు.

మా కేసు అంతా ఆ సున్నలోనే ఉంది.

3. కాదన్న మాట కాగితం మీద కావాలి

2016 చట్టంలో 58, 59 సెక్షన్లు ప్రతి విద్యార్థీ గుర్తుంచుకోదగినవి. 58 ప్రకారం అధికారి పరీక్ష చేసి సర్టిఫికెట్ అయినా ఇవ్వాలి, నిర్దేశిత వైకల్యం లేదని రాతపూర్వకంగా అయినా తెలపాలి. 2017 నాటి నియమాల ప్రకారం నిరాకరణకు కారణాలు కూడా రాసి ఇవ్వాలి. దానికి ప్రత్యేకమైన ఫారం ఉంది. 59వ సెక్షన్ ప్రకారం ఆ నిర్ణయంతో ఏకీభవించనివారు రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారికి అప్పీలు చేసుకోవచ్చును. ఇది దయ కాదు, హక్కు.

కాబట్టి మొదటి పని, నోటిమాటతో ఇంటికి రాకూడదు. కాగితం తీసుకోవాలి. అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో చేయాలో అదే రోజు ఆసుపత్రి సూపరింటెండెంటు కార్యాలయంలో గానీ, జిల్లా గ్రామీణాభివృద్ధి కార్యాలయంలో గానీ అడిగి తేదీతో సహా రాసుకోవాలి. కొలతల షీటు ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. జిల్లా స్థాయి కార్యాలయానికి రుసుము 10 రూపాయలు. తెల్ల కార్డు వారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అయితే ఆ జవాబు కోసం కూర్చొని అప్పీలు గడువు పోగొట్టుకోరాదు. ముందు అప్పీలు వేసి, "వివరాలు అందిన తరువాత అదనంగా సమర్పించుకుంటాను" అని రాసుకోవచ్చును.

4. ఏ కారణానికి ఏ జవాబు?

నిరాకరణలన్నీ ఒక రకం కావు. మందు రోగానికి తగినట్టు, అర్జీ కారణానికి తగినట్టు ఉండాలి.

(అ) శాతం తక్కువ వచ్చినప్పుడు: షీటులో ఏ అంశాన్ని కొలవలేదో, ఏది తక్కువ కొలిచారో చూడాలి. ఆ ఒక్క అంశానికి సంబంధించిన కొత్త ఆధారం తేవాలి. నరానికి నరాల పరీక్ష, చెవికి ఆడియోగ్రాం, కంటికి కంటి డాక్టరు రిపోర్టు. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోనూ, గద్వాలలో 2024లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనాయి. మహబూబ్‌నగర్‌కో, హైదరాబాదుకో పోక తప్పని రోజులకంటే ఇది కొంత నయం.

(ఆ) లోపం ఇంకా స్థిరపడలేదన్నప్పుడు: ఇక్కడ వాదించి లాభం లేదు. చికిత్స కాగితాలు జాగ్రత్త చేసి, మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ తీసుకోవాలి. తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తే దాని గడువు తేదీ గోడ మీద రాసిపెట్టుకోవాలి.

(ఇ) సర్టిఫికెట్ ఉండి కూడా పింఛను రానప్పుడు: ఇది డాక్టరు చేసిన నిరాకరణ కాదు, పింఛను మంజూరు శాఖది. 2014 నాటి ఆసరా మార్గదర్శకాలలో తరి 3 ఎకరాలు, ఖుష్కి ఏడున్నర ఎకరాలు మించినవారికి అనర్హత ఉంది. రైతు కుటుంబాలలో ఈ చిక్కు తరచుగా వస్తుంది. అన్నదమ్ములు పంచుకున్న భూమి ఇంకా ఒక్కరి పేరునే ఉంటే కాగితం మీద భూస్వామి, ఇంట్లో పస్తు! ఇక్కడ చూపవలసింది ఎక్స్‌రే కాదు, పాసు పుస్తకం. అర్జీ ఎంపీడీఓకు లేదా మునిసిపల్ కమిషనరుకు పెట్టాలి. అక్కడ కాకపోతే కలెక్టరుకు.

మేము రాసిన అప్పీలులో అసలు భాగం ఇంతే:

"అయ్యా, నాకు కుడి చేతి వైకల్యం 38 శాతంగా నిర్ణయించినారు. కొలతల షీటులో స్పర్శ అనే అంశం కింద సున్న అని ఉన్నది. నా ఆపరేషను కాగితంలో నరం తెగినట్లు ఉన్నది. ఇటీవల చేయించుకున్న నరాల పరీక్షలోనూ చూపుడు వేలికి స్పర్శ లేనట్లు తేలినది. రెండింటి నకళ్ళు జతపరిచినాను. కావున ఈ అంశాన్ని మళ్ళీ కొలవవలసినదిగా ప్రార్థన."

మొదట నేను రాసిన చిత్తుప్రతి మూడు పేజీలు. అందులో అప్పులు, పిల్లల చదువులు, చిన్నమ్మ కూలి పని, అన్నీ ఉండెను. అవన్నీ నిజమే. కానీ ఆ బోర్డు కొలిచేది పేదరికాన్ని కాదు, చేతిని. అందుకని అవి తీసివేసినాను. తీసివేస్తుంటే మాత్రం మనసుకు కష్టమైంది.

రెండవ పరీక్షలో స్పర్శ కింద 6 వేశారు. చేతి పంజా 36 అయింది. ఇప్పుడు పై సూత్రం ప్రకారం పాఠకులే వేసి చూడవచ్చు: 36 + 12 × 54 ÷ 90. అంటే 43.2. సర్టిఫికెట్ మీద 43 అని వచ్చింది. పింఛను దరఖాస్తు ఇంకా మంజూరు కావలసి ఉంది. అది ఇంకొక వరుస.

ఒక హెచ్చరిక. రెండవ పరీక్షలో శాతం పెరగవచ్చు, తగ్గవచ్చు కూడా. "నాకు తెలిసినోళ్ళున్నరు, యాభై వేయిస్త" అనే దళారులను దగ్గరికి రానీయకూడదు. మోసంతో వైకల్య ప్రయోజనం పొందితే 91వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

5. నది అవతల, సముద్రం అవతల

గద్వాల నుంచి తుంగభద్ర దాటితే కర్నూలు. అక్కడ మన చుట్టాలు ఎందరో. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు. 2025లో అక్కడి ప్రభుత్వం పాత పింఛనుదార్లకు తిరిగి వైద్య పరీక్షలు చేయించింది. ఆగస్టులో వేలాదిమందికి అనర్హత నోటీసులు పోయినాయి. గగ్గోలు లేచింది. నోటీసు వచ్చినవారు ఎంపీడీఓ, మునిసిపల్ కమిషనరుల దగ్గర అప్పీలు చేసుకోవచ్చుననీ, మళ్ళీ పరీక్ష చేస్తామనీ ప్రభుత్వం ప్రకటించింది. అనర్హులు కొందరు ఉండవచ్చు. కానీ నోటీసు అందుకున్న ప్రతివాడూ దొంగ కాదు, అప్పీలు ఉన్నది అందుకే.

ఇంగ్లాండులో పద్ధతి వేరు. 2013లో అక్కడ వచ్చిన "పిప్" అనే భృతికి అవయవాల శాతం చూడరు. వంట చేసుకోగలడా, స్నానం చేయగలడా, ఎంత దూరం నడవగలడా అని పనులవారీగా పాయింట్లు వేస్తారు. 8 వస్తే మామూలు భృతి, 12 వస్తే ఎక్కువ. కాదంటే ముందు అదే శాఖను పునఃపరిశీలన అడగాలి, ఆ తరువాత ట్రిబ్యునలుకు పోవచ్చు. మా చిన్నాయన పార పట్టలేడన్న మాటకు అక్కడ విలువ ఉండేదేమో! మన సుప్రీంకోర్టు కూడా 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో, పరీక్షలలో రాయడానికి సహాయకుణ్ణి ఇవ్వడానికి 40 శాతం ఉండి తీరాలన్న షరతు చెల్లదని చెప్పింది. మన కళాశాలలో రాత కష్టమైన విద్యార్థులు ఎవరైనా ఉంటే ఈ తీర్పు సంగతి తెలుసుకోవాలి.

6. మనమేం చేయగలం?

న్యాయవాది కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. వికలాంగులకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి అది ఉచితంగా న్యాయసహాయం చేస్తుంది. కానీ చాలా కేసులకు న్యాయవాదికంటే ముందు కావలసింది చదవడం వచ్చిన ఒక మనిషి. షీటు చదివి, సున్న ఎక్కడున్నదో చూసి, ట్రంకు పెట్టెలో కాగితం వెదికి, పది వాక్యాల అర్జీ రాసే మనిషి. పరీక్ష నాడు వెంట పోయి, "ఆ వేలికి స్పర్శ లేదు సార్" అని గుర్తుచేసే మనిషి.

మన కళాశాలలో వందలమందిమి ఉన్నాము. ప్రతివారి ఊరిలోనూ ఇటువంటి కాగితం పట్టుకొని ఊరుకున్నవారు ఒకరైనా ఉంటారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ కాగితం ఒకసారి అడిగి చూడండి. భిన్నాలు, శాతాలు మనకు చిన్నప్పుడే నేర్పినారు గదా. అవి ఎవరికైనా పనికిరావాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు.